అమ్మ చదువుకున్న ఉత్తరం

మా ఇంట్లోకి ఇంగ్లీషు మొదట మా అయ్య నోటితోనే వచ్చింది. ఆయన భీమిలి పక్క ఒక పల్లెలో పుట్టి, చేపల వేట చేసుకు బతికిన మనిషి. అక్షరం ముక్క రాదు. నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మనీ నన్నూ వెంటబెట్టుకుని ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. చేపలు పట్టేవాళ్ళకి దీవుల్లో సర్కారు చోటిస్తోందని, పడవకి కలప ఇస్తోందని మా పల్లెలో చెప్పుకునేవారట. చోటైతే దొరికింది. జంగ్లీఘాట్ ఒడ్డున బురదలో గుంజలు పాతి కట్టిన ఇళ్ళ వరసలో చివరిది మాది. పోటు వచ్చినప్పుడు నీళ్ళు గుమ్మం కిందికి చేరి చప్పుడు చేసేవి.

కొన్నేళ్ళు వేట చేశాక అయ్య ఒక సర్కారు లాంచీలో ఖలాసీగా కుదిరాడు. బియ్యం, కిరసనాయిలు, ఉత్తరాల సంచులు వేసుకుని దూరపు దీవులకి తిరిగే చిన్న లాంచీ అది. అందులో మనుషులు ఇద్దరే. నడిపేవాడు సారంగు, తాళ్ళూ లంగరూ చూసేవాడు మా అయ్య. సారంగు హుకుములన్నీ ఇంగ్లీషులోనే ఇచ్చేవాడు. అయ్య వాటిని ఇంటికి తెచ్చి నాకు అప్పజెప్పేవాడు. ‘లెగ్గో’ అంటే తాడు వదిలేయమని. ‘ఆస్టన్’ అంటే వెనక్కి పోనిమ్మని. ‘డెడ్డిస్లో’ అంటే బాగా నెమ్మదిగా అని. ఎక్కడ ఒక మాట అయిపోయి రెండోది మొదలవుతుందో ఆయనకి తెలియదు. పని మాత్రం తప్పేది కాదు.

“ఈయాల మీ బళ్ళో ఏటి సెప్పినారు?” అని అడిగేవాడు రాగానే. నేను ఒక మాట చెబితే, బదులుగా తనొకటి చెప్పేవాడు. నా మాటలు కుర్చీ, కిటికీ, ఆవు లాంటివి. ఆయన మాటలన్నీ కదిలేవి.

బళ్ళో మాకు ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలుపెట్టారు. చెప్పే టీచరు కేరళ నుంచి వచ్చిన మనిషి. సన్నగా ఉండేది, ఎండలోనూ వానలోనూ అదే నల్ల గొడుగు. ఆమెకి తెలుగు రాదు. రోజుకి పది మాటలు బోర్డు మీద రాసి, పక్కన హిందీలో అర్థం రాసేది. నేను నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ రెండు గీతలు గీసి మూడు గడులు చేసుకున్నాను. మొదటిదాంట్లో ఇంగ్లీషు మాట, రెండోదాంట్లో హిందీ, మూడోదాంట్లో తెలుగు. మూడో గడి మాత్రం పూర్తిగా నా సొంత పని. దాన్ని దిద్దేవాళ్ళెవరూ లేరు. మా క్లాసులో తెలుగువాళ్ళ పిల్లలు చాలామందే ఉన్నా, సగం మందికి మాట్లాడ్డమే గానీ తెలుగు రాయడం రాదు. నాకు మాత్రం చిన్న తరగతుల్లో ఒక పంతులుగారు బెత్తం పుచ్చుకుని వత్తులతో సహా నేర్పించారు.

మాటలతో పాటు వాక్యాలు కూడా నేర్పేది టీచరు. లోపలికి రావచ్చునా అని అడగాలంటే ఇలా, మంచినీళ్ళు తాగొస్తానని చెప్పాలంటే ఇలా అని. బడికి ఆలస్యమైతే గుమ్మంలోనే ఆగి, “ఐ యామ్ లేట్ టీచర్, సారీ టీచర్” అనాలి. తప్పుల్లేకుండా అంటేనే లోపలికి. నేను పొద్దున్నే కొళాయి దగ్గర వరస కాచి నీళ్ళు మోసుకుని రావాలి కనక, ఆ వాక్యం నా అంత ఎక్కువసార్లు అన్నవాళ్ళు క్లాసులో లేరు. నోటుపుస్తకంలో లేట్ పక్కన హిందీలో దేర్ అని ఉంది. దాని పక్కన ‘ఆలస్యం’ అని నా చేత్తోనే రాసుకున్నాను.

ఆ ఏడు మా వరసలో నాకు ‘ఇంగ్లీషు గుంట’ అని పేరొచ్చింది. మా వైపు గుంటంటే ఆడపిల్ల. పక్కింటి పెద్దమ్మకి కాలి మీద పుండైతే ఆస్పత్రిలో ఒక మందు గొట్టం ఇచ్చారు. దాని మీద రాసింది చదవమని నాకిచ్చింది. అందులో నాకు ‘యూజ్’ అన్న మాట ఒక్కటే తెలుసు. గొట్టం మూత తీసి చూస్తే లేపనంలా ఉంది. “పైన రాసుకోమన్నారు, మింగకూడదంట” అన్నాను. పుండు మానింది. పెద్దమ్మ ఆ సంగతి ఒడ్డంతా చెప్పింది. అమ్మ ఆ పూట నాకు తల దువ్వి రిబ్బన్లు కట్టింది. తెలిసిన ఒక మాటని పట్టుకుని మిగతాది ఊహించి చెప్పొచ్చని, చెబితే పెద్దవాళ్ళు నమ్ముతారని నేను నేర్చుకున్నది ఆ రోజే.

వానలు మొదలైన నెలలో లాంచీ ఉత్తరం వైపు దీవులకి సరుకు వేసుకుని వెళ్ళింది. నాలుగు రోజుల పని. ఐదో రోజు రాలేదు. వారం గడిచినా రాలేదు. అమ్మ నన్ను తీసుకుని జెట్టీకి వెళ్ళింది. గాలి తగ్గలేదని, వైర్‌లెస్ పంపామని, పెద్ద ఓడ ఒకటి వెతుకుతోందని అక్కడివాళ్ళు చెప్పారు. రెండు వారాల తర్వాత ఎక్కడో ఉత్తరాన ఒక దీవి ఒడ్డుకి ఎరుపూ తెలుపూ రంగు వేసిన చక్రం కొట్టుకొచ్చిందని తెలిసింది. మునిగేవాళ్ళకి విసరడానికి లాంచీ పక్కన తగిలించి ఉంచే చక్రం అది. దాని మీద మా అయ్య లాంచీ నంబరు ఉందట.

మా వరసలో ముసలివాళ్ళు ఆ మాట కొట్టిపారేశారు. “సక్రం గాలికి ఊడి పడినా పడుద్ది. ఇంజిను సెడిపోతే నీటివాలు లాంచీని బర్మాకి లాక్కుపోద్ది. అక్కడ జైల్లో ఏసుంటారు” అన్నారు. అది ఊరికే ధైర్యానికి అన్నది కాదు. మా వెనక వరసలో ఇద్దరు మనుషులు అలాగే కొట్టుకుపోయి, ఏడాదిన్నర తర్వాత కలకత్తా మీంచి ఓడలో తిరిగొచ్చారు. వాళ్ళు గడ్డాలతో దిగడం ఒడ్డంతా చూసింది. అందుకని మా అమ్మ ఏడవలేదు. గంపలో చేపలు పెట్టుకుని మిడిల్ పాయింట్ కొండెక్కి క్వార్టర్లలో అమ్మడం మొదలుపెట్టింది.

ఉత్తరం వచ్చినప్పుడు మధ్యాహ్నం. వాన కాస్త తెరిపిచ్చింది. అమ్మ గుమ్మంలో కూర్చుని కానాగంతలు చీరి ఉప్పు పెడుతోంది. పోస్టుమేన్ ఇచ్చిన కవరు నేనే చింపాను. పల్చటి కాగితం మీద టైపు కొట్టిన అక్షరాలు, కింద గుండ్రటి ముద్ర. మొదట మా అమ్మ పేరు ఉంది. దాని తర్వాత డబ్ల్యూ, ఒక వాలు గీత, ఓ. అదేమిటో నాకు తెలియలేదు. ఆ తర్వాత నాకు బాగా తెలిసిన మాట, లేట్. వెంటనే మా అయ్య పేరు.

“ఏటి రాసినారు?” అంది అమ్మ.

“అయ్య లేటంట.”

“లేటంటే?”

“ఆలీసం అమ్మా. అయ్య ఆలీసంగా ఒత్తాడంట.”

అమ్మ చేతిలో చేపని కింద పెట్టింది. “ఎంతాలీసం? అదేటైనా రాసినారా?”

నేను కాగితమంతా వెతికాను. రిపోర్ట్ కనపడింది. దిస్ ఆఫీస్ అని ఉంది. వితిన్ అంటే లోపల. థర్టీ డేస్ అంటే ముప్పై రోజులు. అన్నీ నాకు వచ్చిన మాటలే. నాకు గర్వంగా అనిపించింది. “ముప్పై రోజుల్లోపల ఆఫీసు నుంచి రిపోర్టొత్తాదంట” అన్నాను.

“రిపోర్టంటే?”

“కబురు. మా బళ్ళో రిపోర్టు కార్డిత్తారు కదా, ఎలా సదూతన్నామో ఇంటికాడ తెలడానికి. అలాగ.”

“మిగతాదేటి?”

మిగతా దాంట్లో ‘గ్రౌండ్స్’ అని ఒక మాట ఉంది. గ్రౌండ్ అంటే మేం ఆడుకునే మైదానం. దాని ముందు చాంతాడంత మాట. మా అయ్య ఉత్తరంలోకి మైదానం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. “మిగతాయి ఆఫీసు మాటలు” అన్నాను.

అమ్మ చేతులు కడుక్కుని ఉత్తరం తీసుకుంది. తడి తగలకుండా మైనపు గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో అడుక్కి పెట్టింది. గుంజ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. ఆ రోజు నుంచి రోజుకొకటి. ముప్పయ్యో గీత గీసిన రోజు అమ్మ అమ్మకానికి వెళ్ళలేదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో కూర్చుంది. పోస్టుమేన్ మా వరసలోకి రానే లేదు. సాయంత్రం లేచి గంప కడుగుతూ, “లేటన్నారు కదా” అంది. ఆ మాటని ఆమె తన మాటగా అనడం అదే మొదలు.

ఆ తర్వాత ఆ మాట ఆమెకి అలవాటైపోయింది. క్వార్టర్లలో చేపలు కొనేవాళ్ళు ఇంటాయన సంగతి అడిగితే, ఇంగ్లీషులో ఉన్న మాట కనక గౌరవంగా ఉంటుందనుకుని, “మా ఆయన లేట్” అనేది. విన్నవాళ్ళు తల దించుకునేవారు. ఒక దుకాణదారు, “సబర్ కరో దీదీ” అని కాసిని బెల్లం పొట్లం కట్టి ఇచ్చాడు. ఓపిక పట్టమన్నాడు కదా అని అమ్మ సంతోషపడింది. మా టీచరు కూడా అమ్మ దగ్గరే చేపలు కొనేది. ఆమెకీ అమ్మ అదే చెప్పింది. ఆ రోజు నుంచి టీచరు నన్ను గుమ్మంలో ఆపి సారీ చెప్పించడం మానేసింది. ఎందుకో నాకు తెలియలేదు.

మూడు నెలలు గడిచాయి. బడిలో ఫీజు మాఫీకి అర్జీ రాయడం నేర్పుతోంది టీచరు. అందరూ తండ్రి పేరు రాసి కింద సంతకం పెట్టాలి. నా బల్ల దగ్గర ఆగి, మెల్లగా హిందీలో, “నువ్వు పేరు ముందు లేట్ అని రాయాలమ్మా” అంది.

“ఎందుకు టీచర్? మా అయ్య వచ్చేస్తాడు” అన్నాను నేనూ హిందీలోనే.

“మీ అమ్మే కదా చెప్పింది, లేట్ అని.”

“అవును. ఆలస్యమవుతుంది. కానీ వస్తాడు. ఆఫీసు నుంచి ఉత్తరం కూడా వచ్చింది. నేనే చదివాను.”

టీచరు నా చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. వాన పడుతోంది. మనిషి పేరుకి ముందు ఆ మాట రాస్తే ఆ మనిషి బతికి లేడని అర్థమని చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను తలూపాను. లోపలికొచ్చి నోటుపుస్తకం తీసి ఆ పేజీ వెతుక్కున్నాను. లేట్ ఉన్న వరసలో మూడో గడి ‘ఆలస్యం’తో నిండిపోయి ఉంది. రెండో అర్థం రాయడానికి చోటు లేదు.

మర్నాడు అమ్మకి తెలియకుండా ఉత్తరం తీసుకెళ్ళి టీచరుకి చూపించాను. ఆమె నిలబడే చదివింది. రిపోర్ట్ చేయమంటే వెళ్ళి కనపడమని అట. అమ్మే ఆఫీసుకి వెళ్ళి కనపడాలి. ముప్పై రోజుల్లోపల, రేషన్ కార్డుతో. దయతో భార్యకి ఏదైనా ఉద్యోగం ఇచ్చే విషయం పరిశీలిస్తారు. గడువు దాటితే పరిశీలించరు. గ్రౌండ్స్ అన్నది మైదానం కాదు. “ఇది ఎప్పుడొచ్చింది?” అని అడిగింది. చెప్పాను. ఆమె గొడుగు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. “మీ అమ్మకి నేను చెప్పనా?” అంది. నేనే చెబుతానన్నాను.

చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. రోజూ అమ్మ గంప దించే వేళకి చెప్పాలనుకునేదాన్ని. ఆమె మొహం చూడగానే ఏదో ఒక పని పెట్టుకుని బయటికి పోయేదాన్ని. మా అయ్య పోయాడన్న దుఃఖం నాకు ఆ నాలుగు రోజుల్లో రాలేదు. ఇది నిజం. తప్పు చదివానని తెలిస్తే అమ్మ ఏమంటుందోనన్న భయమే మనసంతా ఉంది. దుఃఖానికి అందులో చోటు దొరకలేదు.

ఐదో రోజు పొద్దున్న అమ్మ చేపల పొలుసు గీస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పాను. “అమ్మా, లేటంటే ఇంకో అర్దం ఉందంట.”

“ఏటి?”

“సచ్చిపోయినోళ్ళ పేరు ముందర రాత్తారంట.”

కత్తి ఆగలేదు. ఆ చేప పూర్తిచేసి ఇంకోటి తీసుకుంది. అదీ పూర్తిచేసింది. “మరి ముప్పై రోజులన్నావు?”

“నిన్ను ఆఫీసుకి రమ్మన్నారు. నీకేదో పనిత్తామన్నారు. ముప్పై రోజుల్లోపల రమ్మన్నారు.”

అమ్మ చేతులు కడుక్కుని పెట్టెలోంచి ఉత్తరం తెచ్చి నా ముందు పరిచింది. “ఏదీ, సూపించు. అదేదో.” నేను వేలు పెట్టి చూపించాను. ఆమె వంగి చాలాసేపు చూసింది. “నాలుగచ్చరాలేనా” అంది. కొట్టలేదు, తిట్టలేదు. గంప ఎత్తుకోలేదు కూడా. రేషన్ కార్డు చెంగున కట్టుకుని నన్ను రమ్మంది.

లాంచీల ఆఫీసులో గుమాస్తా మా తెలుగువాడే. తాతల నాటి నుంచి దీవిలో ఉన్న కుటుంబం. ఒక మాట తెలుగైతే రెండు మాటలు హిందీ. చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు గానీ అమ్మ కూర్చోలేదు. ఆయన ఉత్తరం చూసి, బీరువాలోంచి ఫైలు తీసి తిరగేశాడు. “దీదీ, ఆస్పత్రిలో ఆయా పోస్టు ఏక్ హీ థా, ఒక్కటే. సారంగు భార్య బాంబూఫ్లాట్ నుంచి వచ్చి టైముకి రిపోర్ట్ చేసింది. ఆమెకిచ్చేశారు. మీరు కాహే రాలేదు? చిట్టీ అందలేదా?”

నేను అమ్మ పక్కనే నిలబడి ఉన్నాను. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను.

“అందింది బాబూ,” అంది అమ్మ. “మాకు సదువు రాదు.”

“ఎవరిచేతనైనా చదివించుకోవాల్సింది కదా దీదీ.”

అమ్మ చెంగులోంచి రేషన్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఒక అర్జీ పెట్టుకోమని, తను పైకి పంపిస్తానని ఆయన అన్నాడు. అర్జీ ఆయనే రాశాడు. అమ్మ వేలిముద్ర వేసింది. తర్వాత ఇంకో రెండు అర్జీలు కూడా పెట్టాం. దేనికీ జవాబు రాలేదు. కొండ దిగేటప్పుడు అమ్మ నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. జంగ్లీఘాట్ మలుపు దగ్గర ఆగి, నేను కలిసేదాకా చూసి, “ఇంక నువ్వు నాకేటీ సదవకు” అంది. కోపం లేదు ఆ గొంతులో. పొయ్యి దగ్గరికి పోకు అన్నట్టు అంది.

ఆ వారం మా వరస పెద్దలు వచ్చారు. ఆఫీసువాళ్ళే రాశారంటే ఇంక అనుమానం లేదని, పోయినవాడికి జరగాల్సింది జరిపించాలని అన్నారు. అమ్మ గాజుల చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. “ఒకలు సదివితే ఒత్తాడన్నారు. ఇంకొకలు సదివితే లేడన్నారు. రెండూ నమ్మినాను. ఇంక నేను సదివినాకే సేత్తాను” అంది.

“నువ్వా? నీకెలాగొత్తాది?”

“నేర్సుకుంతాను.”

మతి చలించిందని ఒడ్డంతా చెప్పుకున్నారు. మర్నాడు అమ్మ టీచరు క్వార్టర్ వెనక గుమ్మంలో గంప దించి, చేపలమ్మడంలో అబ్బిన హిందీలో, ఒక చేప ఇస్తాను, ఒక మాట చెప్పమంది. టీచరు ఊరికే చెబుతానంది. అమ్మ ఒప్పుకోలేదు. ఊరికే చెప్పింది తప్పయితే అడగడానికి ఉండదని అందట. ఈ సంగతులన్నీ నాకు టీచరే తర్వాత చెప్పింది. అమ్మ ఒక్క ముక్క చెప్పలేదు.

అప్పటికి అమ్మకి ముప్పై అయిదేళ్ళుంటాయి. వెనక మెట్టు మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దింది. మెట్టు మీద పొలుసులు అంటుకునేవని టీచరు రోజూ నీళ్ళు కొట్టి కడిగేదట. అక్షరాలకే వర్షాలు వెళ్ళిపోయాయి. తర్వాత మాటలు మొదలయ్యాయి. కుర్చీ, కిటికీ, ఆవు ఆమెకి అక్కర్లేదు. ఉత్తరంలో ఉన్న మాటలే కావాలంది, మొదటి నుంచి చివరిదాకా, వరసలో. ఒక మాట గట్టిగా వచ్చేదాకా రెండోది ముట్టుకునేది కాదు. కొండెక్కుతూ పెదాలు కదిపేది. నేను వెనకాల బడికి పోతూ వినేదాన్ని. “ఓ, ఎఫ్, ఆఫ్. ఓ, ఎఫ్, ఆఫ్.”

ఒకసారి ఇంట్లో దీపం పెట్టే వేళ ఉత్తరం ముందేసుకుని ఒక మాట దగ్గర ఆగిపోయింది. డబ్ల్యూ, హెచ్, ఐ అంటూ మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతోంది. చూడలేక, “విచ్” అన్నాను. అమ్మ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేసింది. మొత్తం నేర్చుకునేదాకా మళ్ళీ నా ఎదుట తెరవలేదు.

ఏడెనిమిది నెలలు పట్టింది. మళ్ళీ వానలు రాబోయే ముందు ఒక ఆదివారం పొద్దున్న అమ్మ వరస పెద్దల్ని పిలిపించింది. గుమ్మంలో చాప వేసి కూర్చోబెట్టింది. నన్ను కూడా కూర్చోమంది. మైనపు గుడ్డ విప్పి ఉత్తరం తీసి, మాట మాట మీద వేలు పెట్టి చదివింది. ఒక ఇంగ్లీషు మాట, దానికి తెలుగు. మళ్ళీ ఇంగ్లీషు మాట, మళ్ళీ తెలుగు. తన పేరు చదివింది. డబ్ల్యూ, గీత, ఓ దగ్గర, “అంటే పెళ్ళాం” అంది. తర్వాతి మాట దగ్గర ఆగుతుందేమోనని నేను తల దించుకున్నాను. ఆమె ఆగలేదు. “లేట్. అంటే సచ్చిపోయినోడు,” అని, మా అయ్య పేరు ఒక్కొక్క అక్షరం పలికి కలిపి చదివింది. ముప్పై రోజులు చదివింది. గ్రౌండ్స్ చదివి కారణాలు అంది. కింద సంతకం పెట్టినవాడి హోదా కూడా చదివింది. ఆ పెద్దల్లో ఒక్కరికీ ఆమె చదివింది తప్పో ఒప్పో తెలియదు. నాకు తెలుసు. ఒక్క తప్పు లేదు.

ఉత్తరం మడిచి, “ఇంక కానియ్యండి” అంది.

మర్నాడు తెల్లవారుతుండగా ఆడవాళ్ళు అమ్మని ఒడ్డుకి తీసుకెళ్ళారు. గాజులు రాతి మీద పగలగొట్టారు. బొట్టు సముద్రపు నీళ్ళతో కడిగారు. దహనానికి ఏమీ లేదు కనక అయ్య పాత లుంగీ ఒకటి రాయి కట్టి నీళ్ళలో వదిలారు. అయ్య కోసం నాకు ఏడుపు వచ్చింది అప్పుడే. ఏడాది ఆలస్యంగా, అందరికంటే ఆఖర్న. పక్కింటి పెద్దమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. అమ్మ అటు తిరగలేదు.

ఆ తర్వాత చాలాకాలం నేను నోటుపుస్తకంలో మూడో గడి నింపలేదు. ఖాళీగా ఎందుకుందని టీచరు అడిగితే తెలుగు మాట తెలియదనేదాన్ని. ఆమె గట్టిగా అడగలేదు. చదువు మాత్రం ఆపలేదు. ఆపుతానంటే అమ్మ ఊరుకునేది కాదు. పన్నెండు మైళ్ళు నడిచొచ్చిన మనిషిలా కాళ్ళు చాపుకుని, “బడికెళ్ళు” అనేది, అంతే. నేను టైపు నేర్చుకుని ఒక ఆఫీసులో కుదిరాను. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టాను. మాట అర్థం కాకపోతే డిక్షనరీ తీసేదాన్ని. అర్థమైనా తీసేదాన్ని. పక్క సీటువాళ్ళు నవ్వేవారు.

ఆ గంప మోసి మోసి అమ్మ మోకాళ్ళు నలభై అయిదేళ్ళకే పోయాయి. కొండెక్కలేక కొన్నాళ్ళు సిప్పీఘాట్ వైపు తోటల్లో పాదులు తవ్వే కూలికి వెళ్ళింది. బస్సు దిగి కుంటుకుంటూ వస్తుంటే, ఆయా పోస్టు వచ్చిన సారంగు భార్య ఆస్పత్రి వరండాలో కుర్చీలో కూర్చుని కనపడేది. ఇద్దరూ పలకరించుకునేవారు. ఆమె మీద అమ్మకి ఏమీ లేదు. నాకే ఆ వరండా ముందు నుంచి నడవాలంటే కష్టంగా ఉండేది.

నాకు లంబాలైన్‌లో క్వార్టర్ వచ్చాక అమ్మ నాతోనే ఉంది. విమానం దిగితే కిటికీ రెక్కలు అదిరేవి. ఇంటికి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లు అయినా, మొదట తనే కూడబలుక్కునేది. రాని మాట ఉంటే పక్క క్వార్టర్‌లో అడిగొచ్చేది. టైపిస్టుని నేను ఇంట్లో ఉండగానే. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, “ఇంకా నా మీద కోపమేనా అమ్మా?”

“కోపమేటి,” అంది. “పన్నెండేళ్ళ గుంటవి. నీకేటి తెలుసు.” చేతిలో కాగితం విప్పుకుంటూ, “గానీ నేను సదూకుంతాను” అంది.

ఆఖరి ఏళ్ళలో ఆమె కళ్ళకి పొరలు కమ్మాయి. టీచరు ఎప్పుడో కేరళ వెళ్ళిపోయింది. పక్క క్వార్టర్లలో మనుషులు మారిపోయారు. కడుపునొప్పికి ఆస్పత్రిలో పరీక్షలు చేసి చీటీ ఇచ్చారు. ఇంటికి తెచ్చాక మంచం మీద కూర్చుని చీటీ నా చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత నాకు ఆమె ఇచ్చిన మొదటి కాగితం.

“సదవనా?” అన్నాను.

“ఒద్దు. అచ్చరాలు సెప్పు. మాట నేను కట్టుకుంతాను.”

ఒక్కొక్క అక్షరం చెప్పాను. తన పేరు కట్టుకుంది. వయసు కట్టుకుంది. స్టమక్ దగ్గర తలూపింది. తర్వాత మాటకి నేను, “ఎమ్, ఏ, ఎల్, ఐ, జీ...” అంటూ చివరిదాకా చెప్పాను. ఆమె పెదాలు కదిలాయి గానీ మాట కుదరలేదు.

“ఇది నాకు రాని మాట,” అంది. “అర్దమేటి?”

“సెడ్డ పుండమ్మా. మానేది కాదు.”

అమ్మ నా వైపు మొహం తిప్పింది. కళ్ళు నన్ను దాటి ఎటో చూస్తున్నాయి.

“సరిగ్గా సూసినావా?”

“సూసినానమ్మా.”

“మరోపాలి అచ్చరాలు సెప్పు” అంది.

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.